దేవుడి మీదికి ఎత్తిన కత్తి ఎవరిచ్చింది?

భస్మాసురుడు మనకు సామెతగా మిగిలాడు. ఎవరి నెత్తిన చెయ్యి పెడితే వాళ్లు బూడిదైపోవాలని శివుణ్ణి వరమడిగి, ఇచ్చిన శివుడి నెత్తి మీదే మొదటి ప్రయోగం చేయబోయాడు. భాగవతం దశమ స్కంధంలో ఇతని పేరు వృకాసురుడు. మనం సినిమాల్లో చూసిన మోహిని నాట్యం అక్కడ లేదు. విష్ణువు ఒక బ్రహ్మచారి వేషంలో ఎదురొచ్చి, దక్షుడి శాపం తగిలి పిశాచాల మధ్య తిరిగేవాడి మాట నమ్మావా, అనుమానముంటే నీ నెత్తి మీదే చెయ్యి పెట్టుకుని చూసుకో అంటాడు. వాడు పెట్టుకుంటాడు. అంతే.

కథ చిన్నదే గానీ, దేవుళ్ల మీద తిరగబడ్డ పాత్రలన్నిటిలో ఉండే ముడి ఇందులో పైకే కనిపిస్తుంది. తిరగబడ్డవాడి చేతిలో ఉన్న ఆయుధం ఎక్కడిది? ఎవరి మీదికి వెళ్తున్నాడో వాళ్లిచ్చిందే అయితే, అడుగు పడకముందే సగం ఓడిపోయినట్టు. వేరే చోటి నుంచి తెచ్చుకున్నదైతే దేవుడు కూడా బేరానికి రావలసిందే. ఇలాంటి పాత్రల మీద చర్చ వచ్చినప్పుడల్లా "వాడు చేసింది న్యాయమా, అన్యాయమా" అన్న దగ్గరే ఆగిపోతాం. ఆ తీర్పుకంటే ముందు తేల్చుకోవలసింది ఈ ఆయుధం సంగతి. హిరణ్యకశిపుడి నుంచి ఇంగ్లిష్ కవి మిల్టన్ సైతాను దాకా కథ ఎటు మలుపు తిరుగుతుందో చాలావరకు దాన్నిబట్టే తెలిసిపోతుంది.

ఎవరు కారో ముందు చూద్దాం

నాస్తికుడు ఈ కోవలోకి రాడు. లేనివాడి మీద ఎవరూ తిరగబడరు. దేవుడు ఉన్నాడని, వింటున్నాడని, జరిగినదానికి బాధ్యుడని ఒప్పుకున్నాకే తిరుగుబాటు మొదలవుతుంది. ఫ్రెంచి రచయిత ఆల్బేర్ కామూ 1951లో తిరుగుబాటు మీద రాసిన పుస్తకంలో ఈ తేడాను గట్టిగా పట్టుకున్నాడు. ఇలాంటివాడు నాస్తికుడై తీరాలని లేదు గానీ దైవదూషణ మాత్రం చేసి తీరతాడన్నది ఆయన మాట.

నిందాస్తుతి కూడా తిరుగుబాటు కాదు. "ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు" అని రామదాసు రాముణ్ణే నిలదీశాడు. మాట ఎంత పదునుగా ఉన్నా అది ఇంట్లోవాళ్ల పోట్లాట. ఆ పాట చివర రాముడు పలకాలి, అంతకుమించి రామదాసుకు కావలసింది లేదు. తిరుగుబాటుదారుకు దేవుడు పలికినా సరిపోదు. పెత్తనం ఎవరిదన్నది తేలాలి, లేదా జరిగినదానికి జవాబు కావాలి. ఈ రెండూ వేరు వేరు డిమాండ్లు. మొదటిది సింహాసనం కోసం, రెండోది లెక్క కోసం. ఇవి కలగలిసిపోవడం వల్లే సైతానునూ, దోస్తొయెవ్‌స్కీ నవలలోని ఇవాన్ కరమజోవ్‌నూ ఒకే గాటన కట్టేస్తుంటారు.

మరో తిరకాసు ఏమిటంటే, చాలామంది దేవుళ్లున్న లోకంలో ఒకరిని ఎదిరించడం అంటే అందరినీ ఎదిరించినట్టు కాదు. భాగవతంలో ఇంద్రపూజ మాన్పించే ఘట్టం తీసుకోండి. ప్రాణి కర్మవల్లే పుడుతుంది, కర్మవల్లే పోతుంది, మధ్యలో ఇంద్రుడు చేసేదేమిటి అని నందుణ్ణి అడుగుతాడు ఏడేళ్ల పిల్లవాడు. దేవుడి అవసరమే లేదని తేల్చే వాదాల్లో ఇంత సూటిగా సాగింది ఆ గ్రంథంలో మరొకటి చూపించడం కష్టం. దాన్ని చేసినవాడు సాక్షాత్తూ దేవుడే కావడం వ్యాసులవారి చమత్కారం. పిల్లవాడి రూపంలో ఉన్నది ఇంద్రుడికి పైఅధికారి కాబట్టి దీన్ని తిరుగుబాటు అనలేం. లోపలి క్రమశిక్షణ చర్య అనుకోవచ్చు.

వరం అనే ఒప్పందపత్రం

హిరణ్యకశిపుడి ఫిర్యాదు మామూలు మనిషి ఫిర్యాదే. తమ్ముడు హిరణ్యాక్షుణ్ణి విష్ణువు వరాహమై చంపాడు. దేవతలకూ అసురులకూ సమానంగా ఉండాల్సినవాడు ఒక పక్షానికి అమ్ముడుపోయాడని అతని ఆరోపణ. పక్షపాతం ఉందన్న ఈ మాటను భాగవతం తేలిగ్గా కొట్టిపారేయదు. సప్తమ స్కంధం మొదలయ్యేదే పరీక్షిత్తు అదే ప్రశ్న అడగడంతో: అందరికీ సముడైన భగవంతుడు ఇంద్రుడి కోసం దైత్యులను ఎందుకు చంపాడు? అంటే రాక్షసుడి మనసులోని ప్రశ్ననే భక్తుడి నోటా పలికించారు.

ఫిర్యాదు బలంగానే ఉంది. ఆయుధం దగ్గరే దెబ్బతిన్నాడు. మందరపర్వతం లోయలో, ఒంటిమీద పుట్టలు లేచి చీమలు తినేసేంత తపస్సు చేశాడు. ఆ తపస్సు అతని సొంతం, ఎవరూ ఇచ్చింది కాదు. కానీ దాన్ని తీసుకెళ్లి బ్రహ్మ దగ్గర వరంగా మార్చుకున్నాడు. నువ్వు సృష్టించిన ఏ ప్రాణివల్లా చావు రాకూడదు, లోపలా బయటా కాదు, పగలూ రాత్రీ కాదు, నేల మీదా ఆకాశంలోనూ కాదు, మనిషి చేతిలో, మృగం చేతిలో కాదు, దేవతల, అసురుల, నాగుల వల్ల కాదు, ఏ ఆయుధంతోనూ కాదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు కూర్చునే దస్తావేజు లేఖరి కూడా ఇంత జాగ్రత్తగా రాయడు.

లొసుగు ఉన్నది కూడా ఆ జాగ్రత్తలోనే. నిషేధాలన్నీ జంటలుగా ఉన్నాయి. ప్రతి జంటకూ మధ్యలో ఒక గీత ఉంటుంది. ఇంటికీ బయటకీ మధ్య గడప, పగటికీ రాత్రికీ మధ్య సంధ్య, నేలకూ నింగికీ మధ్య తొడ, మనిషికీ మృగానికీ మధ్య నరసింహం, ఆయుధమనీ కాదనీ అనలేని గోరు. మొదటి షరతుకైతే గీత కూడా అక్కర్లేదు. బ్రహ్మ సృష్టించినవాళ్ల జాబితాలో విష్ణువు పేరే లేదు. ఇచ్చినవాడి పరిధి ఎంతో వరం పరిధీ అంతే. నరసింహుడు ఒక్క షరతునూ ఉల్లంఘించలేదు. ఉగ్రరూపం చూసి మనం గమనించం గానీ, ఆ వధ అక్షరాలా చట్టబద్ధంగా జరిగింది.

ఎక్కువమంది దృష్టికి రాని ఒక ముక్క అష్టమ స్కంధంలో ఉంది. వామనుడు బలి దగ్గర దానం అడగబోతూ బలి ముత్తాత సంగతి ఎత్తుతాడు. తమ్ముడి చావు విన్న హిరణ్యకశిపుడు శూలం పట్టుకుని విష్ణువు ఇంటిమీదికే వెళ్లాడట. విష్ణువు సూక్ష్మరూపంలో అతని ముక్కుపుటం గుండా ఊపిరితో పాటు లోపలికి దూరి గుండెలో దాక్కున్నాడు. హిరణ్యకశిపుడు భూమి, స్వర్గం, దిక్కులు, సముద్రాలు అన్నీ గాలించి, ఎక్కడా లేడు కాబట్టి చచ్చివుంటాడని తేల్చుకుని వెనక్కి వచ్చాడు. ఇది గుర్తుపెట్టుకుని స్తంభం ఘట్టం చదివితే "ఇందుగలడందు లేడని" పద్యం వేరేగా వినిపిస్తుంది. "ఎందెందు వెదకి చూచిన" అని కొడుకు అంటున్నది ఒకసారి వెదికి, లేడని ఖాయం చేసుకుని వచ్చిన తండ్రితో. అన్ని చోట్లా వెదికాడు, వెదుకుతున్నవాడి లోపల తప్ప.

ఇంకో మెలిక కూడా ఉంది. జయవిజయుల కథ ప్రకారం ఈ పగ కూడా వైకుంఠం నుంచి వచ్చిందే. సనకాదుల శాపంతో ద్వారపాలకులు మూడు జన్మలు శత్రువులుగా పుట్టాలి. హిరణ్యాక్ష హిరణ్యకశిపులు, రావణ కుంభకర్ణులు, శిశుపాల దంతవక్త్రులు. అంటే కత్తి ఒక్కటే కాదు, కత్తి ఎత్తించిన కోపం కూడా పైనుంచి దిగిందే. ఇక దీన్ని తిరుగుబాటు అనాలా వద్దా? నారదుడు ధర్మరాజుకు చెప్పే జవాబు పోతన తెలుగులో "కామోత్కంఠత గోపికల్, భయమునం గంసుండు, వైరక్రియా సామగ్రిన్ శిశుపాలముఖ్య నృపతుల్" అని సాగుతుంది. వైరం కూడా ఒక దారే, ఎటు తిరిగినా చేరేది హరినే. సాహిత్యపరంగా ఇది తిరుగుబాటుకు దొరికిన అతి తెలివైన విరుగుడు. శత్రువును ఓడించనక్కర్లేదు, అతని శత్రుత్వాన్నే పూజ ఖాతాలో జమ వేసుకుంటే సరిపోతుంది. ఆ తర్వాత ఎదిరించడానికి బయట చోటే ఉండదు.

వరం అడగని విశ్వామిత్రుడు

అదే తపస్సును మరోలా వాడినవాడు విశ్వామిత్రుడు. వాల్మీకి బాలకాండలో, వశిష్ఠుడూ ఆయన కొడుకులూ కాదన్న పనిని భుజాన వేసుకుని త్రిశంకును బొందితో స్వర్గానికి పంపాడు. ఇంద్రుడు కిందికి తోశాడు. విశ్వామిత్రుడు వరం కోసం ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. ఉన్న తపస్సును నేరుగా ఖర్చు పెట్టాడు. "ఆగు" అని త్రిశంకును మధ్యలో ఆపి, దక్షిణాకాశంలో కొత్త సప్తర్షులను, కొత్త నక్షత్రాలను పుట్టించి, మరో ఇంద్రుణ్ణి చేస్తా, లేదా ఇంద్రుడే లేని లోకం చేస్తా అన్నాడు. దేవతలు దిగివచ్చి మాట్లాడుకున్నారు. నక్షత్రాలు ఉంటాయి, త్రిశంకు తలకిందులుగా వాటి మధ్య ఉంటాడు, ఇంద్రపదవి జోలికి విశ్వామిత్రుడు రాడు. ఇరుపక్షాలూ సగం సగం వదులుకున్న రాజీ అది. భాషలో త్రిశంకు స్వర్గం అన్నది అవస్థకు పేరుగా మిగిలింది గానీ, అసలు కథలో అది దేవతల చేత ఒప్పించుకున్న స్థలం.

దీనికి మూల్యం కూడా ఉంది. తపస్సు బ్యాంకులో డబ్బులాంటిది, వాడితే తరుగుతుంది. త్రిశంకు తర్వాత మేనకతో పదేళ్లు, ఆ తర్వాత రంభను రాయిగా శపించిన కోపం, ప్రతిసారీ సున్నా నుంచి మొదలు. వాల్మీకి ఈ లెక్కను ఎక్కడా తప్పనివ్వడు.

రహస్యం ఉన్నవాడు

గ్రీకుల ప్రొమీథియస్ కథలో, మనుషుల కోసం దేవతల దగ్గర చేసిన నిప్పు దొంగతనమే అందరికీ గుర్తుంటుంది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు నాటకంలో, ఈస్కిలస్ పేరు మీద ఉన్నదానిలో, అసలు ఆయుధం నిప్పు కాదు. నిప్పు అప్పటికే మనుషులకు చేరిపోయింది, దానికి శిక్ష పడుతోంది. అతని దగ్గర మిగిలింది ఒక సమాచారం: దేవతల రాజు జ్యూస్ ఒకానొక పెళ్లి చేసుకుంటే, తండ్రిని మించిన కొడుకు పుట్టి సింహాసనం లాగేసుకుంటాడు. ఆ స్త్రీ ఎవరో ప్రొమీథియస్‌కు తల్లి థెమిస్ ద్వారా తెలుసు. జ్యూస్ ఇచ్చింది కాదు కాబట్టి జ్యూస్ లాక్కోలేడు.

నాటకం మొదలే చూడండి. లోకం చివరి కొండకు అతన్ని తీసుకొచ్చేది ముగ్గురు. అధికారం, బలం అనే ఇద్దరు భటులు, కమ్మరి దేవుడు హెఫైస్టస్. బలానికి నాటకంలో ఒక్క మాటా లేదు. హెఫైస్టస్‌కు ఈ పని ఇష్టం లేదు, బంధువును కొండకు బిగిస్తున్నానని వాపోతూనే సంకెళ్లు కొడతాడు. ఇంకా గట్టిగా కొట్టు అని అధికారం అదిలిస్తుంటాడు. చేతులు, ఆ తర్వాత ఛాతీ గుండా మేకు, ఆ తర్వాత నడుము, కాళ్లు. ఇంత జరుగుతున్నా ప్రొమీథియస్ నోరు విప్పడు. ముగ్గురూ వెళ్లిపోయాకే ఆకాశాన్ని, గాలిని, నదులను పిలిచి మాట్లాడతాడు. జ్యూస్ మాత్రం నాటకం మొత్తంలో ఒక్కసారీ రంగం మీదికి రాడు. చివర తన దూత హెర్మీస్‌ను పంపి రహస్యం చెప్పమంటాడు. చెప్పనన్నందుకు కొండతో సహా పాతాళానికి తోస్తాడు. బలమంతా ఒక వైపు, అవసరం కూడా అదే వైపు. గెలుస్తున్నవాడు అడుక్కుంటున్నాడు.

దీని తరువాయి నాటకం తునకలుగానే దొరికింది. గ్రీకు సంప్రదాయంలో మాత్రం ఇద్దరికీ సంధి కుదిరింది, ఆ పెళ్లి జ్యూస్ మానుకున్నాడు, ఆ స్త్రీని, అంటే థెటిస్‌ను, పీలియస్ అనే మనిషికి కట్టబెట్టారు, తండ్రిని మించిన కొడుకుగా అఖిలీస్ పుట్టాడు. ఆ సంధి ఇంగ్లిష్ కవి షెల్లీకి నచ్చలేదు. 1820లో తన ప్రొమీథియస్‌ను అచ్చువేస్తూ, మానవజాతి పక్షాన నిలిచినవాణ్ణి పీడించినవాడితో రాజీ పడనివ్వలేనని ముందుమాటలో రాసుకున్నాడు. మనం ఈరోజు తలచుకునే రాజీపడని ప్రొమీథియస్ చాలావరకు ఈ షెల్లీ ప్రొమీథియస్సే. గ్రీకుల ప్రొమీథియస్ ఒప్పందానికి వచ్చినవాడు.

ఇంకోటి, జ్యూస్ సర్వశక్తిమంతుడు కాడు. తండ్రిని దించి కొత్తగా గద్దెనెక్కినవాడు, విధికి లోబడినవాడు. అందుకే అక్కడ బేరం సాధ్యమైంది. ఏకేశ్వరుడి లోకంలోకి ఇదే కథను తెస్తే ఏమవుతుంది?

పిఱంగి మందు ఎక్కడ తవ్వారు

మిల్టన్ చేసింది సరిగ్గా అదే. 1667లో పది భాగాలుగా, 1674లో పన్నెండు భాగాలుగా వచ్చిన "ప్యారడైజ్ లాస్ట్" కావ్యంలో సైతాను మొదటి రెండు భాగాలనూ దోచుకుపోతాడు. స్వర్గంలో ఊడిగం చేయడం కంటే నరకంలో ఏలడం మేలన్న మాట అక్కడిదే. మిల్టన్ తనకు తెలియకుండానే సైతాను పక్షమని కవి విలియం బ్లేక్ అన్నాడు. ఆ మాట ఎంత పాకిపోయిందంటే, చాలామంది చదవడం కూడా ఆ రెండు భాగాలతోనే ఆపేస్తారు. చిక్కంతా అక్కడే.

అయిదో భాగంలో తిరుగుబాటు మొదలైన రాత్రి, సైతాను తన దండును ఉత్తర దిక్కుకు తీసుకెళ్లి ఉపన్యాసం ఇస్తాడు. దేవుడు కొడుకును ప్రకటించి అందర్నీ మోకరిల్లమన్నాడు, మనమెందుకు వంగాలి? అబ్డియల్ అనే ఒకే ఒక దేవదూత లేచి, నిన్ను ఇలా చేసినవాడితో నువ్వు స్వేచ్ఛ గురించి వాదిస్తావా అని అడుగుతాడు. ఇది ఆయుధం ప్రశ్నే. సైతాను ఇచ్చే జవాబు కావ్యానికంతటికీ తాళంచెవి: మనం పుట్టడం ఎవరు చూశారు? మనకు మనమే పుట్టాం, మన శక్తి మనదే. ఆ ఒక్క మాట నిజమైతేనే అతని వాదం నిలుస్తుంది. అది అబద్ధమని అతనికే తెలుసని నాలుగో భాగంలో ఒంటరిగా ఉన్నప్పుడు బయటపడుతుంది. నన్ను ఇంతటివాణ్ణి చేసింది ఆయనే, ఆయన చాకిరీ కష్టమైనదేమీ కాదు అని తనలో తానే ఒప్పుకుంటాడు. కథాక్రమంలో ఉపన్యాసం ముందు, ఒప్పుకోలు తర్వాత. కావ్యంలో మాత్రం ఒప్పుకోలు ముందే చదివేస్తాం. అందుకే ఉపన్యాసం వినేసరికి అది అబద్ధమని మనకు తెలిసి ఉంటుంది.

ఆరో భాగంలో యుద్ధం. మొదటి రోజు దెబ్బతిన్న సైతాను ఆ రాత్రి పిఱంగులు కనిపెడతాడు. వాటికి మందు ఎక్కడిది? స్వర్గం నేల తవ్వి గంధకం, సురేకారం లాంటి పదార్థాలు తీసి నూరించాడు. దేవుడి మీద పేల్చిన మందు దేవుడి పెరటి మట్టి. మిల్టన్ ఈ సంగతిని అరిచి చెప్పడు, పదార్థాల వివరం ఇచ్చి ఊరుకుంటాడు. మూడో రోజు దేవకుమారుడు ఒక్కడే వచ్చి అందర్నీ తోసేస్తాడు.

సైతాను ఆకారం తగ్గుతూ రావడం వేలితో చూపించగలిగినంత స్పష్టంగా ఉంటుంది. మొదటి భాగంలో బురుజులా నిలబడతాడు. నాలుగో భాగంలో జీవవృక్షం మీద నీటికాకిలా కూర్చుంటాడు, అదే భాగం చివర ఈవ్ చెవి దగ్గర కప్పలా చతికిలబడి దొరికిపోతాడు. పట్టుకున్న దేవదూతలు అతన్ని గుర్తుపట్టరు. నేనెవరో తెలియదా అని అతను రోషపడటం కావ్యంలో చాలా జాలిగొలిపే క్షణం. తొమ్మిదో భాగంలో పాము. పదో భాగంలో గెలిచి వచ్చానని నరకసభలో చప్పట్ల కోసం ఆగుతాడు, వినిపించేది బుస. సభికులందరూ పాములైపోయారు, తనూ అవుతున్నాడు.

అంతా విడిచి మొదటి భాగం ఉపన్యాసాలు మాత్రమే పట్టుకుంటే సైతాను వీరుడు. అవి పక్కన పెట్టి చివరి బుస మాత్రమే పట్టుకుంటే వట్టి దుష్టుడు. మిల్టన్ పాఠకుణ్ణి ముందు మోహంలో పడేసి తర్వాత ఆ మోహాన్ని ఒక్కొక్క అంగుళం కోసుకుంటూ వస్తాడు. అది అనుభవించాలంటే పన్నెండు భాగాలూ చదవాల్సిందే, దగ్గరి దారి లేదు.

గుర్రాలశాల అధికారి

చైనా నవల "పడమటి యాత్ర" (జర్నీ టు ది వెస్ట్)లోని కోతిరాజు సున్ వూకోంగ్ తిరుగుబాటు చూస్తే నవ్వొస్తుంది. 1592 నాటి ముద్రణగా మనకు అందిన ఆ నవలలో స్వర్గం ఒక సచివాలయం. వూకోంగ్‌కు ఇచ్చిన ఉద్యోగం దేవుడి గుర్రాల సంరక్షణ. కొన్నాళ్లు మురిసిపోయి, ఇది ఏ గ్రేడు ఉద్యోగమని తోటివాళ్లను అడుగుతాడు. గ్రేడే లేదని తెలిసి బల్ల తన్ని వెళ్లిపోతాడు. సింహాసనం కోసం కాదు, దేవుడు చేసిన అన్యాయానికీ కాదు, హోదా కోసం మొదలైన పోరు అది. రెండోసారి "ఆకాశానికి సమానమైన మహర్షి" అని బిరుదిచ్చి, జీతమూ పనీ లేకుండా, చివరికి పీచ్ తోటకు కాపలా పెట్టారు. 3,600 చెట్లు. మొదటి 1,200 చెట్లు 3,000 ఏళ్లకోసారి పండుతాయి, మధ్యవి 6,000 ఏళ్లకు, వెనకవి 9,000 ఏళ్లకు. కోతిని పళ్లతోటకు కాపలా పెట్టినవాడి బుద్ధికి ఏమనాలో!

చేతిలోని 13,500 జిన్‌ల (చైనా తూకం) బరువున్న ఇనుపకర్ర తూర్పు సముద్రపు నాగరాజు దగ్గర లాక్కొచ్చింది. ఒంట్లోని అమరత్వంలో పెద్ద భాగం ఆ పళ్లూ, దొంగిలించి మింగిన మాత్రలూ. అంతా స్వర్గం సొత్తే. అయినా ఇక్కడ లెక్క కొంచెం వేరు. దొంగిలించింది ఒకసారి ఒంటికి పట్టాక ఇచ్చినవాడు వెనక్కి తీసుకోలేడు. నరకడం, కాల్చడం, 49 రోజులు కొలిమిలో ఉడికించడం ఏదీ పనిచేయలేదు. స్వర్గం చేతులెత్తేసి బుద్ధుణ్ణి పిలిచింది. బుద్ధుడు బలం చూపలేదు, పందెం కాశాడు: నా అరచేతిలోంచి బయటికి దూకు చూద్దాం. ఒక్క పల్టీకి 1,08,000 లీలు (చైనా దూరపు కొలత) దూకే వూకోంగ్, లోకం చివర కనిపించిన అయిదు స్తంభాల్లో ఒకదాని మీద పేరు రాసి, మరోదాని మొదట్లో మూత్రం పోసి గర్వంగా తిరిగొచ్చాడు. ఆ స్తంభాలు బుద్ధుడి వేళ్లు. తర్వాత 500 ఏళ్లు కొండ కింద. ఇదంతా వంద అధ్యాయాల్లో మొదటి ఏడే. మిగతా తొంభైమూడూ తిరుగుబాటు చేసినవాణ్ణి పనిలో పెట్టే కథ.

చేతిలో ఏమీ లేనివాడు

ఇవాన్ కరమజోవ్‌కు ఏ ఆయుధమూ లేదు. 1879-80లో వచ్చిన దోస్తొయెవ్‌స్కీ నవల "కరమజోవ్ సోదరులు"లో అయిదో పుస్తకం, "తిరుగుబాటు" అనే అధ్యాయం. ఒక హోటల్లో తమ్ముడు అల్యోషా ఎదురుగా కూర్చుని ఉంటాడు. దేవుణ్ణి కాదనడం లేదు, ఆయన చేసిన లోకాన్ని ఒప్పుకోను అంటాడు. పెద్దల కష్టాలు పక్కన పెడతాడు, వాళ్లు ఏదో పండు తిన్నారు కదా. పిల్లల సంగతి చెప్పు. ఒక జనరల్ గారి వేటకుక్క కాలికి రాయి తగిలించాడని ఎనిమిదేళ్ల బానిస పిల్లవాణ్ణి బట్టలూడదీసి పరిగెత్తించి, తల్లి కళ్లెదుటే కుక్కల్ని ఉసిగొల్పారు. ఏం చేయాలి ఆ జనరల్‌ని అని సన్యాసి తమ్ముణ్ణి అడుగుతాడు. "కాల్చేయాలి" అని అల్యోషా నోటివెంట వచ్చేస్తుంది.

ఇక్కడ నేర్పు గమనించండి. ఇవాన్ వాదం సింహాసనం గురించి కాదు, లెక్క గురించి. రేపు అంతా సర్దుకుంటుంది, ఆ తల్లీ ఆ జనరలూ కౌగిలించుకుంటారు అంటే, ఆ సర్దుబాటు నాకు వద్దు, ధర ఎక్కువైంది, నా ప్రవేశ టికెట్ వెనక్కి ఇచ్చేస్తున్నా అంటాడు. యుద్ధం లేదు, కాబట్టి ఓడించడానికీ ఏమీ లేదు. "అది తిరుగుబాటు" అని అల్యోషా మెల్లిగా అంటే, తిరుగుబాటుతో బతకలేం, నాకు బతకాలని ఉంది అంటాడు ఇవాన్. అతని చేతిలో ఉన్నది పిల్లల బాధ చూసి ఓర్వలేని మనసొక్కటే. ఆ మనసు ఎవరిచ్చిందన్న ప్రశ్న ఇవాన్ అడగడు. దోస్తొయెవ్‌స్కీ అడుగుతాడు, నవల మిగతా భాగమంతా.

బైబిల్లో, ఏ తప్పూ చేయకుండా కష్టాలపాలైన యోబు అడిగిందీ లెక్కే. గ్రంథాన్ని నమ్మేవారికి ఆయన పాత్ర కాడు, అయినా వాదన తీరు చూడటానికి అడ్డేమీ లేదు. 42 అధ్యాయాల ఆ గ్రంథంలో మిత్రులు దేవుడి తరఫున వాదిస్తారు, యోబు దేవుణ్ణి బోనుకు పిలుస్తాడు. దేవుడు సుడిగాలిలోంచి వచ్చి జవాబు ఇవ్వడు, నేను భూమికి పునాదులు వేసినప్పుడు నువ్వెక్కడున్నావని ఎదురడుగుతాడు. అయితే చివరి అధ్యాయంలో, మీరు నా గురించి యోబులా సరిగా మాట్లాడలేదని తిట్టేది ఆ మిత్రులనే. దేవుణ్ణి వెనకేసుకొచ్చినవాళ్లకు చీవాట్లు, నిలదీసినవాడికి మెప్పు.

దేవుణ్ణే మార్చేస్తే

ఆయుధం చిక్కు విప్పలేక కొందరు వేరే దారి పట్టారు. ఎదురున్నది అసలు దేవుడే కాదంటే పోలేదా? 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదిలో బయటపడ్డ తొలి క్రైస్తవ కాలపు జ్ఞానవాద (గ్నోస్టిక్) గ్రంథాల్లో యోహాను రహస్యగ్రంథం ఒకటి. అందులో లోకాన్ని చేసినవాడు యల్దబావోత్ అనే అజ్ఞాని. నేను రోషంగల దేవుణ్ణి, నేను తప్ప వేరే దేవుడు లేడని చాటుకుంటాడు. గ్రంథకర్త చప్పున పట్టుకుంటాడు: మరొకడు లేకపోతే రోషం ఎవరి మీద? ఇంగ్లిష్ రచయిత ఫిలిప్ పుల్‌మన్ 2000లో ముగించిన నవలాత్రయంలోనూ దేవుడిగా చెలామణి అవుతున్నవాడు సృష్టికర్త కాదు, మొదట పుట్టిన దేవదూత. అంత గొప్ప యుద్ధం నడుస్తుండగా అతను చచ్చేది కత్తివేటుకు కాదు. గాజుపల్లకీలో వణుకుతున్న ముసలివాణ్ణి చూసి ఇద్దరు పిల్లలు జాలిపడి బయటికి తీస్తే గాలికి కరిగిపోతాడు. ఈ దారిలో తిరుగుబాటుదారుకు న్యాయం పూర్తిగా దక్కుతుంది. పోయేది ఇవాన్ ప్రశ్నలోని బరువు. నకిలీ దేవుణ్ణి దించడం ఎంత పెద్ద పనైనా, అసలైనవాణ్ణి నిలదీయడమంత కష్టమేమీ కాదు.

రాసేవాళ్లకు నాలుగు మాటలు

ఇలాంటి పాత్రను సృష్టించేవాళ్లు తరచు తప్పటడుగు వేసేది దేవుడి దగ్గర, తిరుగుబాటుదారు దగ్గర కాదు. దేవుడికి ఏది సాధ్యం, ఏది కాదు అన్నది మొదటి పేజీ రాయకముందే తేల్చుకోవాలి. సర్వశక్తిమంతుడంటూనే యుద్ధంలో చెమటలు పట్టించారంటే నవ్వులపాలవుతుంది. మిల్టన్ రెండు రోజులు సమఉజ్జీగా నడిపి, మూడో రోజు దేవుడే కావాలని ఆగాడని చెప్పాల్సి వచ్చింది. అక్కడ అతుకు కనిపిస్తూనే ఉంటుంది.

దేవుడి చేత ఎంత మాట్లాడించాలన్నది ఇంకా కష్టం. జ్యూస్ తెర వెనకే ఉన్నాడు, అందుకే భయపెట్టాడు. ఇవాన్ చెప్పే మతాధికారి కథలో, ఆ ముసలి అధికారి ఎంత వాదించినా క్రీస్తు ఒక్క మాటా బదులివ్వకుండా అతన్ని ముద్దుపెట్టుకుని వెళ్లిపోతాడు. మిల్టన్ మూడో భాగంలో దేవుడు తనను తాను సమర్థించుకుంటూ ప్రసంగిస్తాడు, కావ్యాన్ని ప్రేమించేవాళ్లు కూడా అక్కడ పేజీలు తిప్పేస్తారు. యోబు గ్రంథంలో దేవుడు నాలుగు అధ్యాయాలు మాట్లాడినా విసుగు రాదు. ఎందుకంటే తన గురించి సంజాయిషీ ఇవ్వడు, అడవి గాడిద గురించి, ఇసుకలో గుడ్లు పెట్టి మరచిపోయే నిప్పుకోడి గురించి, మొసలిని పోలిన లివియాతాను గురించి మాట్లాడతాడు.

ఫిర్యాదు ఒక్క వాక్యంలో పట్టాలి. నా తమ్ముణ్ణి చంపాడు. నా ఉద్యోగానికి గ్రేడు లేదు. ఆ పిల్లవాణ్ణి కుక్కలకు వేశారు. "లోకంలో అన్యాయం పెరిగిపోయింది" అని మొదలుపెట్టే పాత్ర ఎంత అరిచినా చదివేవాడికి ఏ కుక్కా, ఏ పిల్లవాడూ కనిపించరు.